జిప్పు పిడి బయటే ఉంది

“పాప నీ నారు గుడారంలో దూరి, జిప్పు పడిపోతే?”

పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చున్న పిన్ని తల కూడా తిప్పలేదు. గోడ నీడ ఎంతదాకా వచ్చిందో చూసి, అక్కడ పుల్లతో మట్టిలో గీత గీసింది.

“నీ భయాలకి ఎరువు కూడా అక్కర్లేదే అమ్మాయ్, వాటంతటవే ఏపుగా పెరుగుతాయి” అంది.

పిన్ని వయసంతా సూట్‌కేసులు కుట్టే కార్ఖానాలో గడిచింది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కారణం అడిగితే, “అందరి ప్రయాణాలకీ పెట్టెలు కుట్టేసరికి నా బండి వెళ్ళిపోయింది” అని నవ్వేసేది. చూపు మందగించి పని మానేశాక, అక్క కూతురైన ఈ అమ్మాయి ఇంటికి వచ్చింది. సూది వదిలిన చేతులు ఊరుకోలేదు, మట్టి పట్టాయి. పెరుగు డబ్బాల్లో, కోసిన సీసాల్లో మిరప, టమాటా, వంగ నారు పోసేది. అడిగిన వాళ్ళకల్లా తిట్లతో సహా పంచేది. “చంపుకున్నావంటే మళ్ళీ నా గుమ్మం తొక్కకు.”

ఆ ఏడు చలికి నారు ముడుచుకుపోతోంది. చలి తగ్గేదాకా ఉంచి మడిచి దాచేయవచ్చునని పిన్ని ఓ గుడారం కుట్టింది. దళసరి ప్లాస్టిక్, పైపుల చట్రం, ఛాతీ ఎత్తు. వంగి లోపలికి దూరాలి. వాకిలికి, తను దాచుకున్న సూట్‌కేసు జిప్పు ఒకటి వేసింది. పాపకి కూడా అందే ఎత్తులో.

ఇక చోటు చూడాలి. గేటు పక్కన గాలి ఎక్కువ. వంటింటి కిటికీ ఎదురుగా మధ్యాహ్నానికే నీడ పడుతుంది. పనిముట్ల కొట్టు వెనక మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండే. రసాయనశాస్త్రం చదివి, నీటి పరీక్షల ల్యాబులో పనిచేసే అక్క కూతురు చలికాలపు సూర్యుడి వాలు లెక్కకట్టి చూసింది. కాగితం చెప్పిందీ అదే, పిన్ని గీతలు చెప్పిందీ అదే.

“అక్కడైతే వంటింట్లోంచి కనబడదు పిన్నీ.”

“కనబడ్డానికి అదేమన్నా పెళ్ళికూతురా? నారు!”

చివరికి రాజీ కుదిరింది. గుడారం కొట్టు వెనకే. జిప్పు మాత్రం ఎప్పుడూ మూసే ఉండాలి. పాపకి నాలుగో ఏడు నడుస్తోంది. ఆమె దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠంలా నేర్పింది. “లోపలికి వెళ్ళకూడదు. తెరిచి ఉంటే మూసెయ్యాలి.” పాప నేర్చుకుంది. తెరిచి కనబడితే చాలు, మూసి వచ్చి చప్పట్లు కొట్టేది.

అయినా ఆమెకి మనసు కుదుటపడలేదు. గాలి వీచినప్పుడల్లా ఆ ప్లాస్టిక్ ఉబ్బుతూ తగ్గుతూ, ఎవరో ఊపిరి తీస్తున్నట్టుండేది. లోపల ఉష్ణమాపకం వేలాడదీస్తే, “మొక్కలకి జ్వరమా డాక్టరమ్మా?” అని పిన్ని వెక్కిరించింది. ఒకరోజు లోపల తూనీగ ఎండిపోయి దొరికింది. రెక్కలు చెక్కుచెదరలేదు. పిన్ని దాన్ని కుండీలో పడేసి మట్టి కప్పింది. ఆమె మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేకపోయింది.

ఆదివారం. నీళ్ళ మోటారు హోరెత్తుతోంది. ఆమె కూరలు తరుగుతూ, గడప మీద ఆడుకుంటున్న పాప మీద ఓ కన్నేసి ఉంచింది. పాప బంతి వెనకాల పరుగెత్తి, ఇంతలోనే తిరిగొచ్చి చప్పట్లు కొట్టింది.

“మూసేశా!”

“మా బంగారమే” అంది ఆమె. పాప కళ్ళెదుటే ఉంది, ఇంకేం కావాలి?

ట్యాంకు నిండింది. ఆమె మోటారు ఆపింది. పెరడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నారు దగ్గర కూర్చుంటే పిన్ని నోరు ఊరుకోదు, మొక్కమొక్కనీ పేరుపెట్టి తిడుతుంది. ఇప్పుడా గొంతు లేదు.

“అమ్మమ్మేదీ?”

“లోపల.”

“ఏ లోపల?”

పాప వేలితో గాలిలో పైనుంచి కిందికి గీత గీసింది. “జుయ్...”

కత్తి ఎక్కడ పడిందో ఆమెకి తెలియదు. కొట్టు వెనక ప్లాస్టిక్ తెల్లగా ఆవిరి పట్టి ఉంది. లోపలి నుంచి ఓ అరచెయ్యి దానికి ఆనుకుని, మెల్లగా కిందికి జారుతోంది. జిప్పు లాగగానే, మూత తీసిన కుండలోంచి వచ్చినట్టు వేడి ముఖాన కొట్టింది. పిన్ని నారు డబ్బాల మధ్య ఒరిగిపోయి ఉంది.

ఇంట్లో ఉన్న భర్తని కేకేసి, ఇద్దరూ నీడలోకి లాగి, తడిగుడ్డలు కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సెలైను సగం ఎక్కాక గానీ పిన్ని కళ్ళు తెరవలేదు.

“జిప్పు పిడి లోపల లేదే” అంది ముందుగా. “సూట్‌కేసుని లోపల్నించి ఎవరు తెరుస్తారు? చెయ్యి అలవాటు కొద్దీ బయటే పెట్టేసింది.”

“అరవాల్సింది పిన్నీ!”

“అరిచాను. మోటారు నాకన్నా గట్టిది.”

“చింపెయ్యాల్సింది.”

“నా కుట్టు! అది చిరిగితే నా పరువేం కావాలి?” నవ్వబోయి దగ్గింది.

మంచం కోడు పట్టుకుని పాప అడిగింది, “మూయడం తప్పా అమ్మమ్మా?”

పిన్ని పాపని దగ్గరికి లాక్కుంది. “కాదమ్మా. మీ అమ్మ చెప్పినట్టే చేశావు. చోటే తప్పు.”

ఇంటికొచ్చిన మర్నాడే పిన్ని గుడారం పీకించి, వంటింటి కిటికీ ఎదుట వేయించింది. జిప్పుకి లోపల కూడా పిడి కుట్టింది. సగం పూట నీడకి నారు సన్నగా, పొడుగ్గా సాగింది. ఎవరైనా ఎగతాళి చేస్తే, “బతికుందిగా, చాలు” అనేది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఉయ్యాల కట్టాలన్నా, పిన్నికి కుర్చీ వెయ్యాలన్నా, ఆమె ముందు వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. పాప కనబడుతున్నా సరే, పిన్ని ముక్కాలిపీట వైపు కూడా ఓసారి తల తిప్పుతుంది. కొత్త చోట గుడారం మేకులు దిగుతున్నప్పుడు పిన్ని చెప్పిన మాట అది:

“ఎండ ఎక్కడ పడుతుందో తర్వాత చూసుకోవచ్చే అమ్మాయ్. నీ కళ్ళు ఎక్కడ పడతాయో ముందు చూడు. భయపడితే భయపడ్డావు గానీ, ఒక్కరి కోసమే భయపడకు. అందర్నీ లెక్కపెట్టుకో.”