ఆస్ట్రేలియా ఎలుగు వెంట్రుక

మండికల్లులో చెల్లెలి ఇంటికి నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆమె నాలుగేళ్ల కూతురికి మూడు రోజులుగా జ్వరం. పాప మెడలో కొత్త తాయెత్తు కనిపించింది.

మా వైపు బిడ్డ దడుచుకుని జ్వరపడితే ఎలుగుబంటి వెంట్రుక కడతారు. ఎలుగును ఆడించేవాళ్లు ఇప్పుడు రారు. కొండ ఎలుగు వెంట్రుక అమ్మితే అటవీశాఖవాళ్లు పట్టుకుంటారు. అందుకని చింతామణి సంతలో ఒకడు కొత్త సరుకు దించాడు. అతడిచ్చిన చీటీ చెల్లెలు చూపించింది. కొమ్మను వాటేసుకున్న కోలా అనే జంతువు బొమ్మ, కింద కన్నడలో ‘కోలా కరడి’, అంటే కోలా ఎలుగు, అని అచ్చు.

“ఆస్ట్రేలియా ఎలుగంట అన్నా. మన కొండెలుగు కంటే దీనికే బలమంట.”

నాకు ఒళ్లు మండింది. గడప మీదే కూర్చుని మొదలుపెట్టాను. అది ఎలుగే కాదు, కంగారూలాగా కడుపు సంచిలో పిల్లను మోసే జంతువన్నాను. ఆ దేశానికి వలసపోయిన తెల్లవాళ్లు చూడగానే ఎలుగనుకుని, చెట్టెలుగని, కోతెలుగని తోచిన పేర్లు పెట్టారన్నాను. తప్పని తేలినా జనం నోట ఆ పేరు పోలేదు, దాని మీదే వీడు బతుకుతున్నాడన్నాను. ఇంతా చేసి ఈ తాయెత్తు రేకులో ఉన్నది ఏ మేక బొచ్చో అన్నాను.

“అయితే మన కొండెలుగుదే కట్టమంటావా బావా?” చెల్లెలి మొగుడు నవ్వాడు.

అదీ కట్టకూడదని ఇంకో ఉపన్యాసం ఎత్తుకున్నాను. కాఫీ తాగుతూ కూడా ఆపలేదు.

లోపలికి వెళ్లిన చెల్లెలు ఉన్నట్టుండి అరిచింది.

“అది ఎలుగైతేనేమి, కోతైతేనేమి! పాప కండ్లు తెరస్తా లేదన్నా! పిలిస్తే పలకతా లేదు!”

పాప ఒళ్లు కాలిపోతోంది. పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి.

చిక్కబళ్ళాపుర ఆసుపత్రికి చేరేదాకా ఆటోలో చెల్లెలు పాప బుగ్గలు తడుతూనే ఉంది. మొక్కుకోవడానికి నాకు దేవుడు లేడు. డ్రైవరును మాత్రం, “ఇంకొంచెం బిరీన పోప్పా, ఇంకొంచెం” అని వేడుకుంటూ వచ్చాను.

అక్కడ డాక్టరమ్మ పాప కనురెప్ప ఎత్తి చూసింది. ఎప్పటి నుంచి పలకడం లేదని కన్నడలో అడిగింది. చెల్లెలు నా వైపు చూసింది. ఆ ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే. పాప ఎప్పుడు పలకడం మానిందో నేను చూడలేదు. అప్పుడు నేను మాట్లాడుతున్నాను.

“తెలీదమ్మా” అన్నాను.

డాక్టరమ్మ నన్నూ చెల్లెలినీ బయట నిలబెట్టి తలుపు వేసుకుంది.