గంజు మీద పేరు, చేతి మీద అమ్మ

ఆ రోజుల్లో మా వయసు వాళ్లకు ఒళ్లు ఖాళీగా ఉంటే ఏదో వెలితిగా తోచేది. చొక్కా మీద బొమ్మ ఉంది, బండి మీద బొమ్మ ఉంది, ఫోను కవరు మీద కూడా బొమ్మ ఉంది, ఇక మిగిలింది చర్మమే. హన్మకొండలో టాటూ దుకాణాలు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. నేను డిగ్రీ ముగించి, ఏ ఉద్యోగమూ నన్ను వెతుక్కుంటూ రాకపోవడంతో (నేనూ దాన్ని వెతకలేదు, ఇద్దరం మర్యాదగా దూరదూరంగా ఉన్నాం) వరంగల్ బజారులో మా బాపు నడిపే స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చునేవాణ్ని. నా పని పేర్లు కొట్టడం. పెండ్లికో గృహప్రవేశానికో వండుకునే గంజులు, తినే తలెలు, బిందెలు కొన్నవాళ్లు వాటి మీద తమ పేర్లు వేయించుకునేవాళ్లు. పెన్నులాంటి కరెంటు మిషన్ పట్టుకుంటే అది జుయ్యిమని మోగుతూ చెయ్యంతా వణికిస్తుంది. ఆ వణుకులోనే అక్షరం గుండ్రంగా రావాలి. ఆ విద్య నాకు నేర్పింది మా బాపు. నేర్పేటప్పుడు ఎన్ని మొట్టికాయలు పడ్డాయో చెబితే నాకు పరువు తక్కువ, ఆయనకు పాపం.

మా పక్క దుకాణంలో ప్లాస్టిక్ బకెట్లు అమ్మే అన్న ఒకాయన ఉండేవాడు. మేము ఆయన్ని ప్లాస్టికన్న అనేవాళ్లం. ఆయన ఒకరోజు ముంజేతి మీద సింహం వేయించుకుని వచ్చాడు. ఆ సింహానికి కొంచెం జలుబు చేసినట్టు ఉండేది గాని, దాని రాకతో ప్లాస్టికన్న నడకే మారిపోయింది. అదే చేత్తో మగ్గు అందించినా ఏదో సంస్థానం రాసిస్తున్నట్టు అందించేవాడు. నాకు ఆ రాత్రి నుంచే చెయ్యి దురద పెట్టడం మొదలైంది.

కానీ ఏం వేయించుకోవాలి? సింహం ప్లాస్టికన్నది అయిపోయింది. త్రిశూలం వేయించుకుంటే సోమవారం కోడికూర మానెయ్యమంటారు. గిటారు బాగుంటుంది, కాని దాన్ని జన్మలో ముట్టుకోలేదు. ప్రేమించిన అమ్మాయి పేరు అనుకుంటే, ఒకరి పేరు చెక్కించుకునేంత చనువు ఊళ్లో ఎవరితోనూ ఏర్పడలేదు. ఇక ఎటూ తేలక, ఇంట్లో వాళ్లను అడిగాను. బుద్ధి ఉన్నవాడెవడూ చెయ్యని పని అది.

ముందు మా మామ అందుకున్నాడు. ఆయన కేసముద్రం మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం చేసేవాడు, ఏ సంగతిలోనైనా ఆయనకు ఖరారైన అభిప్రాయం ఉండేది. చేతుల మీద బొమ్మలు రెండే రకాల వాళ్లకు ఉంటాయనీ, ఒకరు గూండాలు, రెండోవాళ్లు దేవుడు పూనేవాళ్లనీ, నా ముఖానికి ఆ రెండూ నప్పవనీ తేల్చేశాడు. పైగా టాటూ ఉంటే మిలట్రీలో తీసుకోరట. మిలట్రీకి పోదామన్న ఆలోచన నాకు గాని, నన్ను తీసుకుందామన్న ఆలోచన మిలట్రీకి గాని ఎన్నడూ లేదు. అయినా ఆ పూట నా సైనిక జీవితం నాశనమైందని అమ్మ ముక్కు చీదింది. పిల్లనెవరిస్తారన్నది ఆమె అసలు బాధ.

నాయినమ్మ మాత్రం నవ్వింది. ఆమె రెండు ముంజేతులూ పచ్చబొట్లే. పాలకుర్తి దగ్గర పల్లెలో చిన్నప్పుడు పొడిపించారట. అందులో ఒకటి తేలు (మేము చాలా ఏండ్లు దాన్ని రొయ్య అనుకున్నాం). "పొడిపిచ్చుకో బిడ్డా, మంచిదే," అంది. "నేను ఏడుస్తనని నోట్లె బెల్లం పెట్టిన్రు. నీకెవలు పెడ్తరు మల్ల?"

బాపు అన్నం తింటూ అంతా విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు: "గంజు మీద పేరెందుకు కొడ్తంరా? పెండ్లిల నాలుగిండ్ల సామాను ఒక్కదగ్గర పడ్తది. మనది మనం గుర్తుపట్టి తెచ్చుకోవాలె అని. నువ్వు యాడ కలిసిపోతవని భయం? నిన్నెవడు ఎత్తుకపోతడు?"

అప్పుడే నాకు మెరుపులాంటి ఉపాయం తోచింది. 'అమ్మ' అని వేయించుకుంటే? తన పేరు చూసి అమ్మ తిట్టదు, అమ్మ తిట్టకపోతే బాపు ధైర్యం చెయ్యడు. మామకు మాట పెగలదు. మాతృభక్తి అనే మాటకు ఇంత ఉపయోగం ఉందని నాకు అంతకుముందు తెలియదు. మరునాడు మధ్యాహ్నం బ్యాంకు పనుందని బాపుకు చెప్పి, హన్మకొండ బండెక్కాను.

దుకాణం చిన్నదే, ఏసీ మాత్రం గట్టిగా ఉంది. టాటూ వేసే అతను ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు, బొమ్మలు బాగా వేస్తాడు. తెలుగు మాట్లాడటం అంతంతే, చదవడం అసలే రాదు. నాకంటే ముందు కుర్చీలో ఒక పహిల్వాన్ లాంటి అన్న కూర్చుని ఉన్నాడు. ఆయనా అమ్మే వేయించుకుంటున్నాడు. నా వెనక వచ్చి నిలబడినవాడిని అడిగితే, వాడూ అమ్మేనన్నాడు. (నాకు మెరిసిన మెరుపు జిల్లా అంతటా మెరిసిందని అప్పుడు అర్థమైంది.) టాటూ అతను కంప్యూటర్లో తీసిన అక్షరాల ముద్రను పహిల్వాన్ చేతి మీద అంటించి, కాగితం లాగేశాడు. అందరం చూశాం. కంప్యూటర్ అక్షరాలు చెదిరిపోయి, మ మీద తలకట్టు ఉండవలసిన చోట ఓత్వం వచ్చి కూర్చుంది. అక్కడ ఉన్నది 'అమ్మో'.

పహిల్వాన్ అన్న తలకిందులుగా చూసుకుంటూ మురిసిపోతున్నాడు. సూది మొదలుకాబోతోంది. నోరు మూసుకుని ఉందామనే అనుకున్నాను గాని, తప్పుగా ఉన్న అక్షరం చూస్తే మా బాపు మొట్టికాయ నెత్తి మీద పడ్డట్టే ఉంటుంది నాకు. చెప్పేశాను. ఆయన చదువుకుని, టాటూ అతని వైపు చూసిన చూపుకు ఏసీ అవసరం లేకుండా పోయింది. గొడవ ముదరకుండా నేనే ఆ ముద్ర తుడిపించి, పెన్ను అడిగి తీసుకుని, ఆయన చేతి మీద గంజు మీద రాసినట్టే రాశాను: 'అమ్మ'. టాటూ అతను దాని మీదుగా సూది నడిపాడు. అచ్చం నా మిషన్ చప్పుడే, జుయ్యిమని. తేడా ఒక్కటే, గంజులు ఏడవవు. పహిల్వాన్ అన్న 'అ' పూర్తయ్యేలోపే నా భుజం పట్టుకుని కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా వంతు వచ్చేసరికి నాకు నిజంగానే బ్యాంకు పని గుర్తొచ్చింది.

అయినా మళ్లీ పోయాను. గిరాకీ అలాంటిది. టాటూ అతను తెలుగు అక్షరాలు అడిగేవాళ్లు వచ్చినప్పుడల్లా ఫోను చేసేవాడు. నేను బాపుకు బ్యాంకని చెప్పి పోయి అమ్మలు, నాన్నలు, శ్రీరామలు రాసిచ్చేవాణ్ని. ప్రతిసారీ, "భయ్యా, ఆప్‌కా?" అని నా ఖాళీ చెయ్యి చూపించి అడిగేవాడు. "రేపు," అనేవాణ్ని. ఒకరోజు నా వేళ్లకంటిన సిరా చూసి, అమ్మ నన్ను బావి దగ్గర... కాదు, బావి ఎప్పుడో పూడ్చేశాం, నల్లా దగ్గర నిలబెట్టి, మోచేతుల దాకా పీచుతో రుద్దింది. బొమ్మ బయటపడలేదు. ఇంకెక్కడ ఉందని అడిగింది. ఎక్కడా లేదని, ఉంటే గింటే 'అమ్మ' అనే ఉండేదని చెప్పాను. ఆమె పీచు బకెట్లో పడేసింది. "నన్ను చేతి మీద రాసుకుంటవు గని, పాల పాకిటి తెమ్మంటె తేవు," అని లోపలికి పోయింది. నా ఉపాయం ఎంత లోతైనదో ఆమెకు అర్థం కాలేదు. లేక బాగానే అర్థమైంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు దుకాణానికి భార్యాభర్తలు వచ్చారు. గృహప్రవేశానికి సామాను తీసుకున్నారు. బాపు చెంబు అందిస్తుంటే ఆయన చెయ్యి చాచాడు. ముంజేతి మీద 'అమ్మ నాన్న'. బాపు చెంబు పక్కన పెట్టాడు. కండ్లజోడు పెట్టుకుని, ఆ పెద్దమనిషి చేతిని పట్టుకుని, బిందెను వెలుగుకు తిప్పి చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు. మా దుకాణం తలకట్టు ఎడమ నుంచి కొంచెం పొడుగ్గా వచ్చి వంగుతుంది, ఆ వంపు బాపు నేర్పిందే. ఎవరు రాశారని అడిగాడు. ఆ పెద్దమనిషి నా వైపు చూపించి, "మీ అబ్బాయే కద," అన్నాడు సంతోషంగా.

బాపు సామాను కట్టి వాళ్లను సాగనంపాడు. పోయాక గల్లాపెట్టె మూసి, "'నాన్న'ల వత్తు జర కిందికి జారింది," అన్నాడు. "గంజు మీదయితె నడుస్తది. తప్పు పోతె దాని మీద పువ్వు కొట్టి కలిపేస్తం. మనిషి మీద ఏం కొడ్తవ్?"

"అక్కడ కూడ పువ్వే కొడ్తరు బాపూ," అన్నాను.

ఆయన మీసం కొంచెం కదిలింది. "బ్యాంకు అంటె గిదేనా. మరి నీ చేతి మీదేది?"

"లేదు."

"ఎందుకు లేదు?"

"భయమైంది బాపూ."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కండ్లజోడు తీసి కండ్లు తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకుని నన్ను చూసి మళ్లీ నవ్వాడు. ప్లాస్టికన్న ఏమైందోనని సింహంతో సహా తొంగి చూశాడు. రేపటి నుంచి పోయేటప్పుడు బ్యాంకని కాకుండా నిజం చెప్పి పొమ్మన్నాడు బాపు, అంతే. నిజం చెప్పి పోవడం మొదలుపెట్టాక అందులో మజా తగ్గింది. మెల్లగా మానేశాను.

మొన్నీమధ్య ములుగు నుంచి బస్సులో వస్తున్నాను. పక్కన ఒకాయన పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముంజెయ్యి సరిగ్గా నా కండ్ల ముందుకు వచ్చింది. 'అమ్మ'. నా అక్షరాలే, తలకట్టు వంపుతో సహా. రంగు పచ్చబారింది, ఆయనతో పాటు అవీ కొంచెం లావయ్యాయి. నేను అలాగే చూస్తుంటే ఆయన గమనించాడు.

"మీరు కూడ ఏపిచ్చుకోండి సార్, ఏం కాదు," అన్నాడు. "గని రాసేటోడు మంచిగుండాలె. నాకు రాసిన పోరడు సన్నగ, ఇంక మీసం గూడ సరిగ రాలె. అసుంటి చెయ్యి మల్ల దొరకలే. ఇప్పుడు యాడున్నడో ఏమో."

నేను పొట్ట కొంచెం లోపలికి లాక్కుని, "ఉంటడు తియ్యండి, గీ చుట్టుపక్కలనే," అన్నాను.