ఒక పెట్టె, పదకొండు ఆటలు

వీధిలో అందరికీ ఆయన పెట్టె బాబాయే. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు కోత మిషన్ దగ్గర నిలబడ్డాడు కాబట్టి ఆ పేరొచ్చిందనుకుంటారు జనం. కాదు. అసలు పెట్టె ఆయన ఇంట్లో ఉంది. అందులో నలభై తొమ్మిది గళ్ళ అట్ట ఒకటి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో ఆరేసి చెక్క బిళ్ళలు, అంకెలున్న కార్డులు ముప్పై, ఒక పాచిక. అంతే. ఆ కాస్త సరుకుతోనే ఆయన పదకొండు ఆటలు తయారుచేశాడు. ఒక్కటీ ఎవరూ కొనలేదు, అది వేరే ఏడుపు.

కొనకపోతే పోనీ, ఆడటానికి అక్క ఉండేది. ఇద్దరికీ పెళ్ళి ఊసు లేక ఒకే ఇంట్లో ఉండిపోయారు. అక్క ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. తప్పు పట్టాలంటే ఆవిడ తర్వాతే ఎవరైనా. తమ్ముడు కొత్త ఆట తెస్తే కళ్ళజోడు సవరించుకుని కూర్చుని, పావుగంటలో దాని బండారం బయటపెట్టేది.

"ఇదేం ఆటరా, నీ మొహం! ముందు పాచికేసినవాడే గెలుస్తున్నాడు. పో, మళ్ళీ చేసుకురా."

"ఒక్క తెల్ల బిళ్ళ చేసుకోనివ్వక్కా, అంతా సర్దుకుంటుంది."

"కుదరదు. పెట్టెలోకి కొత్తది రాకూడదు. ఉన్నవాటితో చేస్తేనే నీ గొప్ప."

ఆ ఇంట్లో అదే శాసనం. దాని పుణ్యమా అని ఒక్క ఎర్రబిళ్ళకే పదకొండు వేషాలు పడ్డాయి. వరద ఆటలో అది పడవ, ఆసుపత్రి ఆటలో రోగి, దొంగల ఆటలో పోలీసు. ఎంత పొదుపుగా చేశానో చూశారా అని మన బాబాయ్ తనలో తనే మురిసిపోయేవాడు.

రెండేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం వరద ఆట ఆడుతూ అక్క పడవని తీసి ఓ మూల గడిలో పెట్టి, "వీడికింకా జ్వరం తగ్గలేదు" అంది. హాస్యమాడుతోందనుకుని ఆయన పగలబడి నవ్వాడు. మర్నాడు మళ్ళీ అదే మాట. ఈసారి ఆయన ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరు ముఖం చాటేయకుండా ఉన్నమాట చెప్పేశాడు. "ఈ మతిమరుపు తగ్గేది కాదండీ. మెల్లగా ముదురుతుంది. అలవాటైన పని చేయిస్తూ ఉండండి, అంతకన్నా ఏం లేదు."

అలవాటైన పనంటే ఇంకేముంది, పెట్టె. అక్క పొయ్యి వెలిగించడం మర్చిపోయింది, సందు చివర తమ ఇల్లేదో మర్చిపోయింది. పెట్టె మూత తీస్తే మాత్రం, "ఒరేయ్, పాచికెయ్యి, ఎంతసేపు?" అని కసిరేది. ఆ ఒక్క ఒరేయ్ కోసమే ఆయన పొద్దుట్నుంచీ కాచుకుని ఉండేవాడు. అది కూడా పోతే ఈ భూమ్మీద తనని ఒరేయ్ అనేవాళ్ళే ఉండరని ఆయన భయం.

కానీ ఆట నాలుగడుగులు సాగేదో లేదో, పదకొండూ కలగాపులగమయ్యేవి. ఎర్రబిళ్ళ పట్టుకుని, "ఇది పడవా, పోలీసా? ఏ ఆటరా ఇది?" అని ఆవిడ ఏడ్చేది. ఊరందరి రాతల్లో తప్పులు పట్టిన మనిషి, పాపం, బిళ్ళ ఎక్కడ పెట్టాలో తెలీక ఏడుస్తుంటే చూసి తట్టుకోవడం ఎవరి తరం?

తప్పంతా నాదేనని బాబాయ్‌కి తోచింది. ఏ ఆట బిళ్ళలు ఆ ఆటకి వేరుగా చేసి ఉంటే, చూడగానే పడవ పడవలా కనబడేది కదా! ఏం గొప్పకి పోయాను, దరిద్రుణ్ణి! మిగతా పది ఆటలూ ఏట్లో కలిసినా సరే, వరద ఒక్కటి నిలిస్తే చాలనుకున్నాడు. అక్క కునుకు తీసే మధ్యాహ్నాలు నాలుగు, కిటికీ దగ్గర కూర్చుని ఎర్రబిళ్ళల మీద పడవలు, పసుపు వాటి మీద ఇళ్ళు, ఆకుపచ్చ వాటి మీద చెట్లు, నల్లవాటి మీద బండరాళ్ళు వేశాడు. అట్ట మీద నీలంగా నది పారించాడు. పసిపిల్లలక్కూడా అర్థమయ్యేలా ఉంది.

అయిదోనాడు అక్క ముందు పెట్టె పెట్టి మూత తీశాడు. ఆవిడ వంగి చూసింది. ఒక బిళ్ళ తీసి అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా మళ్ళీ లోపల పెట్టేసింది. పాచిక ముట్టుకోలేదు.

"బావున్నాయండీ. ఎవరివి?"

అండీ! చేతికందిన పడవని ఉప్పుకాగితంతో గబగబా గీకాడు. పడవ పోయింది, దాంతోపాటు పాత ఎరుపూ పోయి, ఉత్త చెక్క తేలింది.

"అక్కా, మన పెట్టే. చూడు, నేనే..."

"కాదులెండి," అందావిడ, పరాయివాడు నొచ్చుకుంటాడేమోనన్నట్టు మెత్తగా. "మా తమ్ముడికీ ఇలాంటి పెట్టె ఉంది. దాంట్లోకి కొత్తదేదీ రాకూడదని చెప్పాను. వాడు నా మాట జవదాటడండీ."

ఆయన తలూపి, ఇంకో బిళ్ళ తీసుకుని గీకడం మొదలుపెట్టాడు.