మేస్త్రిగారు తూచిన ప్రాసెసర్

మా మేస్త్రిగారు పోయారు. సోమవారం ఉదయం టిఫిన్ తిని, పనికి బయలుదేరుతూ గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంటున్నారట. ఇక లేవలేదు. వాళ్లావిడ ఫోన్ చేసేసరికి నేను కార్ఖానాలో కంప్యూటర్ ముందు ఉన్నాను. "మీ మేస్త్రిగారు ఇవాళ రారమ్మా" అన్నారు. ఒంట్లో బాగోలేదేమో అనుకుని సరేనండి అన్నాను. అవతల ఏడుపు వినబడ్డాక గానీ అర్థం కాలేదు.

బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డు నగలకు అచ్చులు చెక్కడం ఆయన పని. ఉక్కు దిమ్మలో నగ ఆకారాన్ని ఉలితో లోతుగా చెక్కుతారు. ఆ అచ్చు మీద రేకు పెట్టి కొడితే నగ లేస్తుంది. దివిసీమ నుంచి కుర్రతనంలో వచ్చిన మనిషి, జుట్టు నెరిసేదాకా అదే పీట మీద కూర్చున్నారు.

దహనానికి వచ్చిన మా ఓనరు నలుగురిలో నిలబడి, "కంప్యూటర్ వచ్చాక పెద్దాయనకి పని తగ్గిపోయిందండీ. ఆ దిగులే తినేసింది" అన్నాడు. అందరూ తలలూపారు. శవం దగ్గర గొడవెందుకని నేను నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను. అది పచ్చి అబద్ధం. ఆ కంప్యూటర్‌ని తెప్పించింది మేస్త్రిగారే.

నేను ఆ కార్ఖానాలో నగలకు రాళ్లు అతికే పనిలో చేరాను. ఫోన్‌లో చూసి, ఆఫీసు గదిలో మూలన పడున్న పాత కంప్యూటర్ మీద నగలు గీయడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. గీయడం వచ్చింది గానీ, అచ్చంగా నగలా మెరిసే బొమ్మ తీయాలంటే దానికి ఒక పూట పట్టేది. ఈ రోజుల్లో కొనేవాళ్లు అచ్చు చెక్కకముందే నగను అన్ని వైపుల నుంచీ చూపించమంటున్నారు. బొమ్మల పని బెజవాడలో ఎవరికో ఇచ్చేద్దామని ఓనరు నిర్ణయించుకున్నాడు. అన్నిటికన్నా పైరకం ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ కొనండి, ఇక్కడే నేను చేస్తానని అడిగాను.

"రాళ్లతికే పిల్లకి రాకెట్టు కావాలంటండోయ్" అన్నాడు ఓనరు. కార్ఖానా అంతా నవ్వింది.

మేస్త్రిగారు నవ్వలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తన పాత త్రాసు, రాళ్ల పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఏ కొత్త పని ఒప్పుకునే ముందైనా ఆయన చేసే పద్ధతే అది. మంచికి తెల్లరాయి ఒక తట్టలో, చెడ్డకి ఎర్రరాయి ఇంకో తట్టలో. "అన్ని మాటలకీ ఒకే బరువుండదు. ఎంత మాటకి అంత రాయి" అనేవారు.

"చెప్పు. ఏంటి దాని గొప్ప?"

"పదహారు కోర్లండీ. పదహారు మంది పనివాళ్లు ఒకేసారి పీటల మీద కూర్చున్నట్టు."

"పదహారు మందికీ పనుంటదా?"

ఆయన దగ్గర అబద్ధం చెల్లదు. "గీసేటప్పుడు ఉండదండీ. ఒక్కడే చేస్తాడు. మిగతా పదిహేను మందీ టీ తాగుతారు."

చిన్న ఎర్రరాయి పడింది. "ఆ చేసేవాడి చెయ్యి ఎట్టాంటిది?"

"గట్టోడేనండీ. ఇప్పుడున్నవాడికి నాలుగింతలు."

తెల్లరాయి. "మరి టీ తాగేవాళ్లు లేచేదెప్పుడు?"

"బొమ్మ తీసేటప్పుడండీ. వెలుగెక్కడ పడుద్ది, ఏ రాయి ఎట్టా మెరుస్తది, అంతా లెక్క కట్టాలి. అప్పుడు తలా ఓ ముక్క పట్టుకుంటారు. పూటంతా పట్టేది పావుగంటలో అయిపోద్ది. నేను గీసిన హారాన్ని అమ్మేవాడి కొట్టులో పెట్టి చూశానండీ."

పెద్ద తెల్లరాయి. వేడెక్కుతుందని, పెద్ద కూలర్ కావాలని, కరెంటు బాగా లాగుతుందని చెప్పాను. ఒక్కోదానికీ ఒక్కో ఎర్రరాయి. ధర నేను చెప్పకముందే, పళ్లెంలో ఉన్నవాటిలోకెల్లా లావుపాటి ఎర్రరాయి ఏరి వేశారు.

"మధ్యరకంది సరిపోదా?"

"గంట దాటుద్దంటండీ."

"చూశావా, విన్నావా?"

"విన్నానండీ."

"విన్నదాన్ని తూచకూడదు. పోయి చూసిరా."

ఆదివారం గుడివాడ బస్సెక్కాను. అక్కడ మా బావ ఫోటో స్టూడియోలో మధ్యరకంది ఉంది. నేను గీసిన ఆ హారాన్నే దాని మీద పెట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను. గంటా పది నిమిషాలు. సోమవారం వచ్చి ఆయనకి చెప్పాను. "గంటకి కొనేవాడు ఇంకో కొట్టుకి ఫోన్ చేస్తాడు. పావుగంటైతే ఆగుతాడు" అని ఇంకో తెల్లరాయి వేశారు. ముల్లు తెల్లవైపు మొగ్గింది. వెంట్రుకవాసే, కానీ మొగ్గింది.

ఆ త్రాసుని అలాగే రెండు చేతులతో పట్టుకెళ్లి ఓనరు బల్ల మీద పెట్టారు. "దీన్ని తెప్పించండి బాబూ. బొమ్మ ఏ ఊరు పోతే అచ్చూ ఆ ఊరే పోద్ది. అచ్చు పోయాక మనకి మిగిలేది పూత గది యాసిడ్ వాసనే" అన్నారు. మేస్త్రిగారు అంతవరకూ నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఓనరు కాదనలేకపోయాడు.

కంప్యూటర్ వచ్చింది. జనరేటర్ లైను నగలకు పూత వేసే గదికి ఒక్కదానికే ఉంది కాబట్టి అక్కడే పెట్టాం. నాలుగు నెలలు గుర్రంలా పరిగెత్తింది. వానలు పట్టాక తిక్క మొదలైంది. బొమ్మ సగంలో ఉండగా కాలిపోయేంత వేడెక్కి ఆగిపోయేది. సరిగ్గా అప్పుడే నాట్యం నగల పెద్ద సెట్టు బేరం ఒకటి వచ్చింది. శనివారానికి బొమ్మలు చూపించకపోతే ఆ పని బెజవాడకే. అమ్మినవాణ్ని ఫోన్‌లో అడిగితే "ప్రాసెసర్ పోయింది మేడమ్, మార్చాల్సిందే" అన్నాడు. తెరిచి చూడకుండానే. ఓనరు నా వైపు కూడా చూడకుండా, "మేస్త్రిగారి మాట విన్నందుకు నాకిదీ శాస్తి" అన్నాడు.

నన్ను తిడితే పడేదాన్ని. ఆయన్ని అన్నాడు.

మేస్త్రిగారు ఉలి పక్కన పెట్టి లేచి వచ్చారు. "మూత తియ్యి" అన్నారు. ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ రాగిది. దాని రెక్కల సందుల్లో దుమ్ము, పచ్చటి పొడి కలిసి గట్టిపడిపోయాయి. గాలి దూరే సందు లేదు. ఆయన గోటితో గీకి చూసి నవ్వారు.

"చిలుమే ఇది. పక్కనే యాసిడ్ తొట్టి పెట్టుకుని రాగిని తెచ్చి కూర్చోబెట్టాం. పదహారు మందినీ ముక్కు మూసి పని చెయ్యమన్నాం."

రాగీ యాసిడ్ మధ్యే బతుకుతున్న ఇంతమందిమి. ఒక్కరికీ తట్టలేదు. రోజూ పీల్చే వాసన మాకు వాసన కాదు మరి.

కూలర్ ఊడదీశాను. కింద ప్రాసెసర్ మీద మచ్చ కూడా లేదు. మేస్త్రిగారు చింతపండు నానబెట్టి, నగలు తోమే బ్రష్షుతో కూలర్ని రెక్క రెక్కా తోమారు. కడిగి, మబ్బు విడిచిన కాసేపు ఎండలో పెట్టారు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టుని మా బావ గుడివాడ బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాడు. పూత గదికి దూరంగా, మేస్త్రిగారి పీట పక్కకే బల్ల మార్చాం. జనరేటర్ లైను కూడా మేస్త్రిగారే అక్కడిదాకా లాగించారు.

స్విచ్ వేశాను. బొమ్మ మొదలుపెట్టాను. తెర మీద కోరుకొకటి చొప్పున పదహారు గీతలూ ఒక్కసారి పైకి లేచాయి. వేడి పెరిగి, పెరిగి, ఒకచోట నిలిచింది. బొమ్మ మాత్రం నడుస్తూనే ఉంది.

"నారుమడి లేచినట్టు లేచిందే" అన్నారు మేస్త్రిగారు.

బొమ్మలు శుక్రవారానికే పంపాం, ఒకరోజు ముందు. సెట్టు మాకే వచ్చింది. దాని అచ్చులన్నీ మేస్త్రిగారే చెక్కారు. ఆ తరువాత వచ్చిన ప్రతి సెట్టుకీ ఆయనే. "నీ బొమ్మలో ఆకు బతికే ఉంది గానీ రేకు లేచేటప్పుడు చిరుగుద్ది" అని నా గీతలు దిద్ది మరీ చెక్కేవారు. అంతకుముందెన్నడూ అంత పని లేదాయనకి. పోయిన శనివారం కూడా ఆయన పీట మీద సగం చెక్కిన చెంపసరాల అచ్చుంది. ఓనరు గారూ, పని తగ్గిన మనిషి పీట మీద సగం చెక్కిన అచ్చు ఉంటుందా? వచ్చి చూసుకోండి, ఇంకా అక్కడే ఉంది.

కూలర్ కడిగిన రోజు సాయంత్రం ఆయన ఆ పాత త్రాసు మళ్లీ తీశారు. అందులో రాళ్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. "ఒకటి మర్చిపోయాం అమ్మాయ్. మన గాలి. తోమితే పోయేదేలే" అని ఆవగింజంత ఎర్రరాయి వేశారు. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. ముల్లు ఊగింది, తడబడింది, మళ్లీ తెల్లవైపే ఆగింది. ఆయన త్రాసుని నా బల్ల చివర పెట్టి, వెళ్లి ఉలి అందుకున్నారు.

ఇవాళ కూడా అది అక్కడే ఉంది. ఉదయం కంప్యూటర్ వేయగానే ఫ్యాన్ గాలికి తట్టలు రెండూ కదిలాయి. పక్కన పీట ఖాళీగా ఉంది. ముల్లు కాసేపు అటూ ఇటూ వణికి, తెల్లరాళ్ల వైపు వాలి నిలబడింది.