నలభై రెండు అంగుళాల భయం

నోరు మెదపకుండా తల ఊపి ఇంటిల్లిపాదినీ పసుల కొట్టంలో కూర్చోబెట్టిన ఘనత హోసూరు దగ్గరి మా బేరిగై చుట్టుపక్కల నాకొక్కదానికే దక్కింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పట్లో నాకు మనుషులంటే భయం. పుస్తకాల్లోని మనుషులైతే ఎంతమందినైనా భరించేదాన్ని. ఎవరైనా ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే నా నాలుక చెప్పాపెట్టకుండా ఊరు వదిలిపోయేది. దాని బదులు తల పనిచేసేది. అంటే ఆలోచించేది అనుకునేరు, పైకీ కిందికీ ఊగేది, అంతే.

అలాంటిదాన్ని, కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతానని అమ్మ చేత నాయనకు చెప్పించాను. చిన్నాయన ఊరుకోలేదు.

"అంగట్లో ఉప్పు అడిగేదానికే భయపడతాది. ఆడ ఒంటిగా ఎట్లుంటాదన్నా?"

నాయన ఒక ఉపాయం కనిపెట్టాడు. "ఈతూరి టమోటా కలిసొచ్చింది. పెద్ద టీవీ తెద్దామనుకుంటా ఉండాము గదా. హోసూరుకు వచ్చి అది ఎంచనీ. సరిగ్గా ఎంచితే కాలేజీకి పోతాది."

అలా నా చదువును తీసుకెళ్ళి ఒక టీవీకి కట్టారు.

హోసూరు షోరూములో గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ ఒకటే ఎర్ర చేప. పొలుసులు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. అన్ని చేపలూ ఒకేసారి నావైపు తిరిగి, జవాబు చెప్పమన్నట్టు నోరు తెరిచాయి. నాయన ఆ చేపను ఒకసారి మెచ్చుకుని, కౌంటరు దగ్గర ఓనరుతో టమోటా రేట్ల కబుర్లలో పడ్డాడు. టై కట్టుకున్న సేల్స్‌మన్ నా ముందుకొచ్చాడు.

"ఇది హెచ్‌డీ టీవీమ్మా. మామూలు కేబులైతే ఇంత పెద్దది వద్దు, బొమ్మ అలుక్కుపోతాది. మీ ఇంట్లో హెచ్‌డీ డిష్ ఉండాది గదా?"

ఊపాను.

"టీవీ ముందర పది పన్నెండు అడుగుల జాగా ఉండాదా?"

ఊపాను.

"అంతా అర్థమయిందామ్మా?"

ఇంకా గట్టిగా ఊపాను. అంత తెలివైన గిరాకీ అతనికి అంతకు ముందు తగిలి ఉండదు.

మా ఇంట్లో ఉన్నది కొబ్బరిచెట్ల మీదుగా లాగిన కేబుల్ వైరు. ముందు గదిలో మంచం వేస్తే, మనిషి పక్కకు తిరిగి నడవాలి.

సాయంత్రం టెంపోలో నలభై రెండు అంగుళాల టీవీ దిగింది. తలవాకిలికి ఎదురు గోడకు దాన్ని నిలబెట్టారు. చిన్నాయన అందరికన్నా ముందు కాలు మీద కాలేసుకుని, తీర్పు చెప్పే పెద్దమనిషిలా కూర్చున్నాడు. స్విచ్చి వేశారు. వార్తలు చదివే ఆయన ముఖం పెనం మీద దోసెపిండిలా తెరంతా పరుచుకుంది. కళ్ళెక్కడో ముక్కెక్కడో ఆయనకే తెలియాలి.

"చేప యాడమ్మా?" అన్నాడు నాయన.

ఊపాను. కొన్ని ప్రశ్నలకు ఊపితే చాలదని అప్పుడే తెలిసింది.

"ఈయప్పకు మొగమే లేదు గదన్నా," అన్నాడు చిన్నాయన. "ఇంత దుడ్డు పోసి మంచు చూడాలనా? మార్గశిరంలో తోటకాడికి పోతే ఊరికే కనపడతాది."

కృష్ణగిరి బస్సు నన్ను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోతున్నట్టు కనిపించింది.

అవ్వ కళ్ళు తిరుగుతున్నాయని లేచి, వాకిలికి అవతల ఉన్న కొట్టంలోకి ఎనుముకు గడ్డి వేయడానికి పోయింది. అక్కడి నుంచి కేకేసింది.

"ఒరే, ఈడికి రాండి. ఈడ్నించి చూస్తే ఆయప్పకు ముక్కు ఉండాది."

అందరం వెళ్ళాం. వెనక్కి నడిచేకొద్దీ ఆయనకు కళ్ళొచ్చాయి, మీసమొచ్చింది. ఎనుము పక్కన నిలబడేసరికి నిండు మనిషయ్యాడు. మంచాలు కొట్టంలోకి మారాయి. తలుపులు బార్లా తెరిచి, ఎనుము వీపు మీదుగా అందరూ హాయిగా వార్తలు చూస్తుంటే చిన్నాయన మెల్లగా అన్నాడు:

"అన్నా, ఈడ్నించి ఇది మన పాత టీవీ అంతే ఉండాది గదా."

ఎనుము నెమరు వేస్తోంది.

నాయన నావైపు తిరిగాడు. "అంగట్లో ఆ పిల్లోడు నిన్నేమీ అడగలేదామ్మా?"

ఊపబోయి ఆగాను. "అడిగినాడు నాయనా. డిష్ ఉండాదా అన్నాడు, జాగా ఉండాదా అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. భయపడి అన్నిటికీ తల ఊపినాను."

అప్పటికి నా జీవితంలో అదే అతి పెద్ద ఉపన్యాసం. ఎనుము కూడా తల తిప్పి చూసింది.

"చూసినావా అన్నా?" అన్నాడు చిన్నాయన.

"చూసినానప్పా. ఇంట్లోనే పెట్టుకుంటే ఈ బిడ్డ రేపు రైలింజనుకు కూడా తల ఊపి తెస్తాది. కాలేజీకి పోనీ. నోరు తెరిచేదన్నా నేర్చుకుంటాది."

కృష్ణగిరి బస్సెక్కే ముందు కొట్టంలోకి వెళ్ళి, ఎనుము సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: అర్థం కాని మాటకు ఈ కంఠంలో ప్రాణం ఉండగా తల ఊపను.

హాస్టల్లో వార్డెనమ్మ నిబంధనలన్నీ గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో చదివి, అర్థమయ్యాయా అన్నట్టు కళ్ళద్దాల మీది నుంచి నన్ను చూసింది.

ఊపాను.

ప్రతిజ్ఞ మర్నాటి నుంచి అమలులోకి వచ్చింది.