గీసిన బర్రె, తప్పిపోయిన బర్రె

నన్ను బర్రె దొంగ అన్నారు. చాటుగా కాదు, నా ఇంటి గేటు ముందు నిలబడి వాడ మొత్తం వినేటట్టు అన్నారు. బతుకంతా రైతుల బోరు మోటార్లు చుట్టి, ఒకరి రాగితీగ మూరెడు కూడా దాచుకోని మనిషిని పట్టుకుని అన్నారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఊళ్లో అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాయి గానీ, ఫోన్లో కనబడేదంతా నిజం కాదన్న తెలివి ఇంకా రాలేదు. (ఇప్పుడొచ్చింది. ఎంత వచ్చిందంటే నిజాన్ని కూడా నమ్మడం మానేశారు.) నేను మహబూబ్‌నగర్‌లో దుకాణం మూసేసి కొల్లాపూర్ దగ్గరి మా ఊరికి వచ్చేశాను. అరవై దాటాక కొందరికి భక్తి ముదురుతుంది, కొందరికి మోకాళ్ల నొప్పులు ముదురుతాయి. నాకు మాత్రం బొమ్మల పిచ్చితో రెండో యవ్వనం వచ్చింది. ఎవరో వాడి అమ్మేసిన ట్యాబు, దాని పెన్ను కొన్నాను. గురువు లేడు. గోడల మీది రాతలు, బస్సుల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ని, బొమ్మలకు బడి దేనికనుకున్నాను. ఫోన్లో హిందీలో పాఠాలు చెప్పే ఒక కుర్రాణ్ని పట్టుకుని, అతనికి తెలియకుండానే శిష్యుణ్నయ్యాను. ముందు ఉత్త బూడిదరంగులో వెలుగునీడలు తేల్చుకొమ్మనేవాడు. ఆ తర్వాత దాని మీద గాజుకాగితంలా పరుచుకునే వేరే పొరలో రంగు వెయ్యమనేవాడు. అంచులన్నీ కత్తితో కోసినట్టు ఉంచొద్దనేవాడు. అట్లా నెలల తరబడి కష్టపడి మొదటి మామిడిపండు గీసి నా భార్యకు చూపిస్తే, ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఉల్లిగడ్డ మంచిగొచ్చిందయ్యా" అంది.

ఆ కుర్రాడి పాఠాల్లో ఒకటి మాత్రం నాకు మింగుడుపడలేదు. నీడలో నలుపు వేయొద్దనేవాడు. సరే, నీడ సంగతి వదిలెయ్, అసలు పుట్టుకతోనే నల్లగా ఉన్నదాన్ని ఎట్లా గీయాలి? ఈ సందేహం తీర్చగలిగింది మా వెనకింటి బర్రె ఒక్కటే. దాని యజమానురాలు వాడకంతా పాలు పోసేది, అందుకని అందరికీ పాల చెల్లె. రోజూ ప్రహరీ మీద మోచేతులు పెట్టుకుని ఆ బర్రెను చూసేవాణ్ని. ఎంత చూస్తే అంత నీలం, అంత ఊదా, వీపు మీద ఎండ పడ్డచోట దాదాపు తెలుపు! నలుపొక్కటే ఎక్కడా కనబడదు. "అన్నా, గట్ల సూడకే, దిష్టి తగుల్తది. సూడి బర్రె" అని పాల చెల్లె గొణిగేది. నేను వింటేనా! ఎడమ చెవి చీలిక, తోక కొసన తెల్లకుచ్చు, ముట్టె మీద తడి, ఒక్కటీ వదల్లేదు. తడిచర్మం మీద వెలుగు బాగా పలుకుతుందని దాన్ని నీళ్లలోంచి పైకి వస్తున్నట్టు పెట్టి, వెనకాల నా బుర్రలోంచి ఒక పెద్ద రాతిగుండు పుట్టించాను.

బొమ్మ పూర్తయిన సాయంత్రం, ఎవరేమంటారో చూద్దామని ఒక్క మాట కూడా రాయకుండా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ సాయంత్రమే మంద తిరిగొచ్చిందనీ, పాల చెల్లె బర్రె మాత్రం రాలేదనీ, చెవి మీద వెంట్రుకలు గీస్తూ లోపల కూర్చున్న నాకేం తెలుసు?

కాసేపటికే గేటు ముందు జనం. అందరికన్నా ముందు పాల చెల్లె తమ్ముడు. బుల్లెట్ బండి దిగడు కాబట్టి వాణ్ని బుల్లెట్ అనేవాళ్లం.

"పెద్దన్నా, బర్రె ఏడుంది?"

"ఏ బర్రెరా?"

"ఫోటో పెట్టింది నువ్వు. ఏ బర్రె అని మమ్ముల అడుగుతవా?"

"అది ఫోటో గాదురా. బొమ్మ. నేను గీసిన."

"చెవి మీద ఎంటికలు గూడ గీసినవా?"

"గీసిన."

"ముట్టె మీద తడి?"

"అది తడి గాదు, వెలుగు."

(ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒళ్లు మండిపోతున్నా, లోపల ఎక్కడో కమ్మగా ఉంది. అంత మెప్పు నాకు అంతకుముందు దొరకలేదు.)

పాల చెల్లె ముందుకొచ్చి చేతులు జోడించింది. "అన్నా, ఏడ కట్టేసినవో జెప్పు. నేడో రేపో ఈనుతది. అదొక్కటే నా ఆధారం." ఆ గొంతు వినేసరికి నా కమ్మదనమంతా దిగిపోయింది. ఆ బర్రె దొరకకపోతే ఆమె పొయ్యి ఆరిపోతుంది, నేను చచ్చేదాకా దొంగగానే మిగిలిపోతాను.

ట్యాబు తెచ్చి అరుగు మీద పెట్టి, అందరి ముందూ పొరలు ఒక్కొక్కటే కనబడకుండా చేశాను. మెరుపు పోయింది. రంగు పోయి బూడిద బర్రె మిగిలింది. అదీ పోయి గీతలు మిగిలాయి. చివరికి ఉత్త తెలుపు. ఇంతకంటే రుజువేం కావాలని తలెత్తాను. వెనకనుంచి ఎవరో అన్నారు: "సూసిండ్రా! అందరి ముంగట్నే మాయం జేసిండు!"

నా భార్య గడపలోంచి, "అచ్చం ఉన్నట్టే గీస్త గీస్త అంటివి గద, పడు ఇగ సంబరం" అంది. బుల్లెట్ ఠాణాకు పోదామన్నాడు. పాల చెల్లె ఆపింది. తెల్లారే దాకా చూద్దామంది. బుల్లెట్ నా బొమ్మనే, 'ఈ బర్రె తప్పిపోయింది, చూసినోళ్లు చెప్పుండ్రి' అని తన నంబరుతో ఊరూరికీ పంపాడు. కింద గీసినవాడి పేరు రాయమన్నాను. "దొంగల పేర్లు పేపరోళ్లు రాస్తరు తీ" అన్నాడు.

తెల్లారి సగం ఊరు ఆ రాతిగుండు కోసం గుట్టలన్నీ గాలించింది. అది నా బుర్రలో తప్ప ఎక్కడా లేదని అంటే ఒక్కరూ వినలేదు. పొద్దెక్కాక బుల్లెట్ ఫోన్ మోగింది. అవతల ఊరి గొర్లకాపరి. తన మంద వెంట వచ్చిన బర్రెను ఫోటోలో చూసి గుర్తుపట్టి, పోనివ్వకుండా పట్టుకున్నాడట. చెవి చీలిక, తోక కుచ్చు, అన్నీ సరిపోయాయట. దానికేం కాలేదు, తన కొట్టంలోనే కట్టేసి గడ్డి వేశానన్నాడు. నేను అరుగు మీద కూలబడి ఒక చెంబెడు నీళ్లు గటగటా తాగాను.

మొన్న ఆ బొమ్మను మళ్లీ తీసి చూశాను. ఎండ ఏ పక్కనుంచి వస్తుందో నీడ కూడా ఆ పక్కకే పడింది. ఆ వెర్రితనమంతా ఊరు నిజమని నమ్మింది, గీసిన వెర్రివాణ్ని మాత్రం నమ్మలేదు! పొరపాటు దిద్దబోయి, నవ్వొచ్చి, అట్లాగే ఉంచేశాను.

ఆ రోజుల్లోనే, బర్రె ఈనాక, పాల చెల్లె జున్ను తెచ్చింది. నేను గిన్నె ముట్టలేదు. నన్ను దొంగన్నందుకు ముందు జవాబు చెప్పమన్నాను. ఆమె కొంగుతో నోరు మూసుకుని కొంచెంసేపు నవ్వి, అంది:

"తప్పే అన్నా, చెంపలేసుకుంట. గని ఒక్కటి జెప్పు. గది బొమ్మ అని తెలిస్తే ఆ గొర్లాయన 'మంచిగ గీసిండు' అని ఊకుంటుండె గని, నా బర్రెను పట్టి కట్టేస్తుండెనా?"