ఊ ఆగిన పేరా

1997 జూలైలో నన్ను మా విశ్వవిద్యాలయం వారు రాజమండ్రి పీజీ కేంద్రానికి జర్నలిజం శాఖ ఇన్‌చార్జి హెడ్‌గా వేశారు. అప్పటికి నేను రీడర్‌ని. ఆ రోజుల్లో లెక్చరర్, రీడర్, ప్రొఫెసర్ అని మూడు మెట్లుండేవి. శాఖాధిపతి పదవి ప్రొఫెసర్‌కి ఇవ్వడం ఆనవాయితీ. ప్రొఫెసర్ లేనిచోట రీడర్‌ని కూర్చోబెట్టి ముందు "ఇన్‌చార్జి" అని తగిలిస్తారు. అంటే సంతకాలు మనవి, నిర్ణయాలు పైవాళ్ళవి. అంతకు ముందు కొన్నేళ్ళు ప్రధాన ప్రాంగణంలో పౌర సంబంధాల విభాగం చూశాను కాబట్టి, మునిగే పడవకి నేనే తగిన సరంగునని రిజిస్ట్రార్ గారికి తోచి ఉంటుంది.

పడవ మునుగుతున్న మాట నిజం. ఉన్న సీట్లలో సగం కూడా నిండడం లేదు. పాఠం చెప్పేవాళ్ళం నేనూ, సత్యానందం గారూ. ఆయన ఒక దినపత్రికలో చాలాకాలం విలేకరిగా పనిచేసి వచ్చిన పార్ట్‌టైమ్ లెక్చరర్. లూథరన్ కుటుంబీకులు, మాట మెత్తన, చూపు చురుకు. నా నియామకపు ఉత్తర్వులోనే ఒక షరతు పెట్టారు. శాఖ మనుగడకు మూడేళ్ళ కమ్యూనికేషన్ ప్రణాళిక తయారుచేయాలి. దాన్ని ఒక కమిటీ పరిశీలిస్తుంది. కమిటీకి నచ్చకపోతే వచ్చే ఏడాది నుంచి రాజమండ్రిలో అడ్మిషన్లు ఆపేసి శాఖను ప్రధాన ప్రాంగణంలో కలిపేస్తారు. కాగితం మీద ఇది చిన్న మార్పు. కానీ మా తరగతిలో ఎక్కువమంది పొద్దున్నే బస్సెక్కి వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే ఆడపిల్లలు. హాస్టల్లో ఉండి చదవాలంటే వాళ్ళ ఇళ్ళలో పంపరు. ఇక్కడ తలుపు మూస్తే వాళ్ళకా చదువు లేనట్టే.

ప్రణాళిక అనగానే పోస్టర్లూ కరపత్రాలూ అనుకుంటారు. మా వృత్తిలో దానికో పద్ధతుంది. అయిదు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి: ఎవరికి చెప్పాలి, ఏమి చెప్పాలి, ఎవరి నోట చెప్పించాలి, ఎప్పుడు చెప్పాలి, వాళ్ళు విన్నారని మనకెలా తెలుస్తుంది. మొదటి నాలుగూ ఎవరైనా రాసేస్తారు. అయిదో దానికి ప్రతిస్పందన అని పేరు. పుస్తకాల్లో దానికి పెద్ద అధ్యాయమే ఉంటుంది. పనిలో మాత్రం "సర్వే చేయిస్తాం" అని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకుంటాం. నేనూ అలాగే రాశాను. డిగ్రీ కాలేజీల్లో ఉపన్యాసాలు, విలేకరుల సమావేశం, రంగుల కరపత్రం, చివర సర్వే.

చిత్తుప్రతి చదివి సత్యానందం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కాదనదలచుకున్నప్పుడు చేసే పని అది. "బానే ఉందండి. కానీ ఇదంతా మనం మాట్లాడ్డమే కదండీ. వాళ్ళెప్పుడు మాట్లాడతారండీ?" అన్నారు.

నాకు కొంచెం కోపం వచ్చింది. ఆలోచిస్తే ఆయన అన్నది నిజమే. పిల్లలకి ఈ చదువంటే ఇష్టం ఉంది, పంపనిది పెద్దలు. వాళ్ళ దృష్టిలో పేపరు చదువంటే ఎవరో ఒకరి మీద రాసి ఊళ్ళో తగువులు తెచ్చుకోవడం. మా దూరపు బంధువు ఒకావిడ నా ముఖం మీదే, "మా పిల్లని నీ దగ్గరికి పంపితే ఊరందరితోనూ పేచీయే గదమ్మా" అంది. అలాంటి ఇంటికి రంగుల కరపత్రం పంపి ఏం లాభం? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా ప్రణాళిక.

మా విద్యార్థులు నడిపే ప్రయోగ పత్రిక ఒకటుండేది. నాలుగు పేజీలు. వార్త సేకరించడం, రాయడం, డీటీపీ చేయించడం, ప్రూఫులు దిద్దడం, అన్నీ పిల్లలే చేయాలి. దాన్ని చదివేది కూడా దాదాపు వాళ్ళే. ఆ నవంబరులో రామచంద్రపురం దగ్గర ఒక ఊరి కాలవగట్టు రోడ్డు గురించి ఒక కథనం వచ్చింది. ఆ ఊళ్ళో సత్యానందం గారికి చుట్టాలున్నారు. కొన్ని ప్రతులు పట్టుకుని ఒక ఉదయం నన్ను కూడా తీసుకెళ్ళారు.

టీ కొట్టు దగ్గర అరుగు మీద పదిమంది కూర్చున్నారు. ఒకాయన దినపత్రిక గట్టిగా చదువుతున్నాడు. చదువు రానివాళ్ళు, కళ్ళజోడు ఇంటి దగ్గర మరిచినవాళ్ళు, చదువొచ్చినా వినడమే ఇష్టమైనవాళ్ళు వింటున్నారు. ఇది డెల్టా ఊళ్ళలో నేను చిన్నప్పటి నుంచి ఎరిగిన దృశ్యమే, వింతేమీ కాదు. మా పత్రిక ఇస్తే ఆయన అదే గొంతుతో మా కథనం మొదలుపెట్టాడు. ప్రతి వాక్యం చివరా వినేవాళ్ళు "ఊ" అంటున్నారు. ఒక వాక్యం దగ్గర ఎవరూ ఊ కొట్టలేదు. చదివే ఆయన తల ఎత్తకుండానే వెనక్కి వెళ్ళి ఆ వాక్యం మళ్ళీ చదివాడు. అప్పుడూ ఊ రాలేదు. "గట్టు తెగింది నిరుడు కాదురా, అటు ముందేడు" అన్నాడొక ముసలాయన. చదివే ఆయన "అటు ముందేడు" అని దిద్ది చదివాడు. అందరూ "ఊ" అన్నారు. కథనం ముందుకు సాగింది.

నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏళ్ళ తరబడి ప్రతిస్పందన అధ్యాయం పాఠం చెప్పినదాన్ని. ఇప్పుడదే అరుగు మీద కూర్చుని ఒక్కో వాక్యానికీ జవాబు చెబుతోంది. అంతమంది ఎవరూ ఎవరికీ సైగ చేసుకోకుండా ఒకేచోట ఎలా ఆగారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ప్రణాళిక మొత్తం మార్చి రాశాను. ఏ ఊరి గురించి రాస్తే ఆ ఊళ్ళో, అచ్చుకు పోకముందే, రాసిన విద్యార్థే నిలబడి చదవాలి. ఊ ఆగిన చోట చదవడం ఆపి అడగాలి. విన్నది దిద్దుకున్నాకే అచ్చు. మా పిల్లలు ఎలాంటి పని చేస్తారో పెద్దలు కళ్ళారా చూడడమే మాకు ప్రచారం. వేరే కరపత్రం లేదు. కమిటీ అధ్యక్షులు కామర్స్ ప్రొఫెసరు గారు. అంకె లేనిదే మాట నమ్మని మనిషి. ప్రణాళిక చదివి, "ఈ ఊ కొట్టడాన్ని ఎలా కొలుస్తారమ్మా?" అన్నారు. తక్కిన సభ్యులు నవ్వారు. మీరే ఒకసారి వచ్చి వినండి సార్ అని మనవి చేశాను. వస్తాననీ, చూశాకే నిర్ణయమనీ ఆయన చెప్పారు.

ఫిబ్రవరిలో వచ్చారు. ఆనాటి ఊరు మొగల్తూరు అవతల, సముద్రానికి దగ్గర. కాలవ నీళ్ళు ఆఖరున అందే శివారు. కథనం రాసింది నాగమణి అనే రెండో ఏడు విద్యార్థిని, నరసాపురం వైపు ఒక బడిపంతులు గారి అమ్మాయి. విషయం తేలికైనది కాదు. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు తవ్వారు. ఉప్పునీరు ఊటగా చేరి ఊరి మంచినీళ్ళ చెరువు చవ్వగా మారింది. ఆ రొయ్యల చెరువుల్లో పెద్ద భాగం నరసింహరాజు గారు అనే ఆసామిది. ఆయన కూడా వినడానికి వస్తున్నారని తెలిసింది. ఏ పేచీకి భయపడి పిల్లల్ని పంపడం లేదో, ఆ పేచీని అధ్యక్షుల వారికి దగ్గరుండి చూపించబోతున్నాను.

సాయంత్రం నాలుగింటికి బడి వరండా ముందు జనం చేరారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. నరసింహరాజు గారికి కుర్చీ వేశారు. అధ్యక్షుల వారిని ఆయన పక్కనే కూర్చోబెట్టారు. నాగమణి ప్రూఫు కాగితం పట్టుకుని నిలబడింది.

మొదట్లో అంతా సవ్యంగా సాగింది. బిందె పట్టుకుని ఆడవాళ్ళు ఎంత దూరం నడుస్తున్నారో చదివితే ఊ. చెరువు నీళ్ళతో పప్పు ఉడకడం లేదంటే ఇంకా గట్టిగా ఊ. రాజుగారి చెరువుల పేరెత్తినప్పుడు కూడా ఊ అన్నారు. ఆయన మీసం కదిలింది. ఆ తర్వాత, "రొయ్యల చెరువులు వెంటనే పూడ్చేయాలని ఊరంతా ముక్తకంఠంతో కోరుతోంది" అని చదివింది.

ఊ ఆగిపోయింది.

దూరంగా కొబ్బరాకుల గలగల ఒక్కటే వినిపిస్తోంది. నాగమణి వెనక్కి వెళ్ళి ఆ వాక్యం మళ్ళీ చదివింది. ఊ రాలేదు. అధ్యక్షుల వారు కుర్చీలో ముందుకు వంగారు. మా శాఖ కథ ఇక్కడితో సరి అనుకున్నాను. ఆ పిల్ల గబగబా తర్వాతి పేరాలోకి వెళ్ళిపోతే, తడబడి రెండుసార్లు చదివిందనే పై ఊరి నుంచి వచ్చిన అధ్యక్షుల వారు అనుకునేవారు. శాఖ పోతే జూనియర్ల గతి ఏమిటో నాగమణికి బాగా తెలుసు. ఆమె చెల్లెలు మరుసటి ఏడాది మా దగ్గరే చేరాలని ఆశపడుతోంది.

నాగమణి కాగితం కిందికి దించింది. "నేను తప్పు రాసినట్టున్నానండి. ఎక్కడో చెప్పండి" అంది.

ఆడవాళ్ళలోంచి మంగమ్మ అనే పెద్దావిడ లేచింది. "తప్పు కాదమ్మా, సగమే రాసేవు. నీళ్ళు ఉప్పవటం నిజమే. కానీ రొయ్య పట్టే రోజున మా ఇళ్ళ నించి అందరం కూలికెళ్తాం. చెరువులు పూడ్చెయ్యమని మేమెప్పుడన్నాం? మా నోటికాడ కూడు నువ్వు తీసేత్తావేంటి? మంచినీళ్ళు కావాలన్నాం. ఆ రెండూ రాయి" అంది. ఆవిడ కూర్చోగానే చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ "ఊ" అన్నారు. వ్యాసానికి కాదు, మంగమ్మకి.

అప్పుడు నరసింహరాజు గారు లేచారు. నేను కళ్ళు మూసుకున్నంత పని చేశాను. ఆయన జనం వైపు కాకుండా నాగమణి వైపు తిరిగి, "నా చెరువు వల్లే చవ్వయిందని రాసేవు గదమ్మా, అది ఉంచెయ్యి. మురుక్కాలవ పూడిపోయి మూడేళ్ళవుతోంది, తవ్విస్తే ఊట చాలామటుకు తగ్గుద్ది. నా వంతు నేను తవ్విస్తానని రాయి. ఆయ్, పేరు పెట్టే రాయి" అన్నారు. జనం ఊ కొట్టలేదు. ఒకాయన లేచి, "ఎప్పటిలోగా అండీ?" అని మర్యాదగా అడిగాడు. రాజుగారు, వేసవికి సాగునీటి కాలవలు కట్టేసే లోపు అన్నారు. అప్పుడొచ్చింది ఊ. వరండా మీద నిలబడ్డ నాకు అది కాళ్ళ కింద నేల పలికినట్టు వినిపించింది. ఉద్యోగ జీవితంలో ఎన్నో సభలు నిర్వహించాను, మంత్రుల సభలు కూడా. అంత నిండైన జవాబు మరెక్కడా వినలేదు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

నాగమణి అక్కడే వరండా మెట్టు మీద కూర్చుని ఆ పేరా తిరగరాసి, లేచి మళ్ళీ చదివింది. ఈసారి ఎక్కడా ఆగవలసిన పని పడలేదు.

తిరుగు ప్రయాణంలో జీపు పాలకొల్లు దాటాక అధ్యక్షుల వారు నా వైపు తిరిగారు. "కొలవడం నాకింకా తెలియలేదమ్మా" అన్నారు. మరికొంత దూరం పోయాక, "దిద్దిన ప్రతి ఒకటి నాకు పంపించండి. ఆ మొదటి ప్రతి కూడా" అన్నారు. ఆ రెండు ప్రతులనూ జతచేసి, రాజమండ్రి శాఖలో అడ్మిషన్లు కొనసాగించాలని ఆయన సిఫారసు చేశారు. సత్యానందం గారు ఆ ఉత్తర్వు చదివి కళ్ళజోడు తుడవలేదు. అదే మాకు శుభవార్త. మురుక్కాలవ మాట కూడా చెప్పాలి. రాజుగారి వంతు తవ్వారు. ప్రభుత్వం వంతు తవ్వడానికి మరో ఏడాది పట్టింది.

ఆ జూలైలో అడ్మిషన్ల సమయాన నరసింహరాజు గారు మా గది గుమ్మంలో కనిపించారు. వెనక వాళ్ళమ్మాయి. సీటు కావాలన్నారు. మీ మీద రాసిన శాఖకే పంపుతున్నారేమండీ అని అడిగాను. "ఎలాగూ రాస్తారు కదండీ. అడిగి రాసేవాళ్ళయితే భయమేముందండీ?" అన్నారు. ఆ మాటని మా శాఖ ప్రచార పత్రంలో వేసుకోనా అంటే వద్దన్నారు. ఆయన ఊళ్ళో నలుగురికీ చెప్పనే చెప్పారట. ఆ ఏడాది మా సీట్లు నిండాయి.

ఆ తర్వాత పదవీ విరమణ వరకు అనేక సంస్థలకు ప్రచార ప్రణాళికలు రాసిచ్చాను. అందరినీ మొదట ఒక ప్రశ్న అడిగేదాన్ని: మీరు చెబుతుండగా మిమ్మల్ని ఆపే వీలు ఎవరికి ఇస్తున్నారు? దానికి జవాబు లేని ప్రణాళిక ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేదాన్ని. ప్రజల నమ్మకం ఎలా వస్తుందని మా వృత్తిలో చాలా సిద్ధాంతాలున్నాయి. నేను కళ్ళారా చూసింది ఒకటే. శాఖ పోతుందని తెలిసీ ఆ అమ్మాయి కాగితం కిందికి దించింది, అందుకే మా శాఖ నిలబడింది.